పసుపు అంటని మూలలు: ఒక శుభలేఖల సంస్థలో డిజిటల్ పనిముట్లతో మూడు నెలలు

ఈ కేసు హైదరాబాద్‌లో శుభలేఖలు తయారుచేసే ఒక కుటుంబ సంస్థకు సంబంధించినది. దుకాణం కోఠి ప్రాంతంలో ఉంది, దాని పైఅంతస్తే డిజైన్ గది. ప్రింటింగ్, ఫాయిల్ (మెరిసే రేకుతో వేసే అచ్చు), డై కటింగ్ (అచ్చుతో కార్డును ఆకారంగా కోయడం), అతికింపు పనులన్నీ కాటేదాన్ పారిశ్రామికవాడలోని యూనిట్‌లో జరుగుతాయి. డిజైన్ గది నుంచి అయిదుగురు, కౌంటర్ నుంచి నలుగురు, యూనిట్ నుంచి అయిదుగురు, మొత్తం 14 మంది ఈ ప్రయత్నంలో పాల్గొన్నారు. సంస్థ పేరూ వ్యక్తుల పేర్లూ వారి కోరిక మేరకు ఇవ్వడం లేదు. చిన్న సంస్థల్లో పని పద్ధతులను సరిచేయడంలో సాయపడటం నా వృత్తి. అంతకుముందు కొన్నేళ్లు నేనూ డిజైన్ బల్ల ముందు కూర్చున్నదాన్నే.

యజమాని నన్ను పిలిచిన కారణం సూటిగా ఉంది. "మా నమూనా కార్డుల ఆల్బం తెరిస్తే పక్క దుకాణం ఆల్బం తెరిచినట్టే ఉంటోందండీ. పిల్లలకు మంచి కంప్యూటర్లు కొనిచ్చాను. ఇంకేదైనా సాఫ్ట్‌వేర్ కావాలంటే అదీ కొంటాను, చెప్పండి" అన్నారు. సమయం కూడా కలిసి వచ్చింది. 2024లో మూఢమూ ఆ వెంటనే ఆషాఢమూ రావడంతో మే, జూన్, జూలై నెలల్లో పెళ్లి ముహూర్తాలు దాదాపు లేవు. శుభలేఖల వ్యాపారానికి ఇది చేతిలో డబ్బు ఆడని కాలమే, కానీ కొత్త నమూనాలు చేసుకోవడానికి మామూలు సంవత్సరాల్లో దొరకనంత తీరిక దొరికింది. శ్రావణం మొదలయ్యే ఆగస్టు మొదటి వారానికి కొత్త ఆల్బం కౌంటర్ మీద ఉండాలని గడువు పెట్టుకున్నాం.

మొదటి రెండు వారాలు ఏ పనిముట్టునూ ప్రవేశపెట్టకుండా, పని ఎలా నడుస్తోందో చూస్తూ కూర్చున్నాను. కొత్త డిజైన్ అనగానే డిజైనర్లు ముందుగా బొమ్మలు వెతికే సైట్లు తెరిచేవారు. నచ్చిన నాలుగైదు కార్డులను ఫోన్‌లో దాచుకుని, కోరల్ డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో వాటి మీదే గీతలు గీసి, రంగు మార్చి, గణపతిని మార్చి, కొత్త నంబరు వేసేవారు. ఇందులో సోమరితనం ఏమీ లేదు. ఆ పిల్లలు రాత్రి తొమ్మిది దాకా పనిచేయడం నేను చూశాను. 1991లో జాన్సన్, స్మిత్ అనే పరిశోధకులు ఇంజనీర్ల మీద చేసిన ప్రయోగాల్లో, పని మొదలుపెట్టకముందే ఒక నమూనా చూపిస్తే, దానిలోని లోపాలతో సహా వారి డిజైన్లలోకి దిగిపోతుందని తేలింది. ఇక్కడా జరుగుతున్నది అదే. పక్క దుకాణం వాళ్లు కూడా అవే బొమ్మలతో మొదలుపెడుతున్నప్పుడు రెండు ఆల్బంలు ఒకేలా ఉండటంలో వింత లేదు.

సోమవారం ఉదయం జరిగే సమావేశంలో యజమాని, సేల్స్ చూసే ఆయన తమ్ముడు, ఒక సీనియర్ డిజైనర్ మాట్లాడేవారు. మిగిలినవారు తల ఊపేవారు. అక్షరాలు రాసే పెద్దాయనను అందరూ మాస్టారూ అని పిలుస్తారు. నేను చూసిన రెండు సమావేశాల్లోనూ ఆయన ఒక్క మాటా అనలేదు. కౌంటర్‌లోని ఆడవాళ్లు కస్టమర్లు వస్తారని కిందే ఉండిపోయేవారు. కాటేదాన్ యూనిట్ వారిని ఎవరూ పిలిచేవారే కాదు. పెళ్లివారు కార్డును చేతిలోకి తీసుకోవడం రోజూ చూసేది కౌంటర్ వారు, ఆ కార్డు ఎక్కడ చిరుగుతుందో, ఎక్కడ మరక పడుతుందో తెలిసింది యూనిట్ వారికి. ఆలోచనల కోసం పెట్టిన సమావేశంలో ఈ ఇద్దరికీ చోటు లేకపోవడం నాకు అన్నిటికంటే పెద్ద లోటుగా కనిపించింది.

సమావేశం అంటే అందరూ కలిసి కూర్చుని గట్టిగా ఆలోచించడమే అన్న నమ్మకానికి పాత చరిత్ర ఉంది. అమెరికా ప్రకటనల రంగానికి చెందిన అలెక్స్ ఆస్‌బోర్న్ 1953లో ప్రచురించిన పుస్తకంతో బ్రెయిన్‌స్టార్మింగ్ ప్రపంచమంతటా వాడుకలోకి వచ్చింది. అయిదేళ్లకే, 1958లో, యేల్ విశ్వవిద్యాలయంలో జరిగిన ప్రయోగం దీన్ని పరీక్షించింది. నలుగురు కలిసి కూర్చుని ఆలోచించినప్పుడు వచ్చిన వాటికంటే, నలుగురు విడివిడిగా రాసిన ఆలోచనలను కలిపితే దాదాపు రెట్టింపు వచ్చాయి. ఎందుకు అన్న ప్రశ్నకు జర్మనీకి చెందిన డీల్, స్ట్రోబె 1987లో ఇచ్చిన సమాధానం నాకు ప్రతి సంస్థలోనూ ఉపయోగపడింది. ఎవరేమనుకుంటారో అన్న జంకూ, ఎవరో ఒకరు చెబుతారులే అన్న ధీమా కారణాలు కాకపోవు గానీ, అసలు అడ్డంకి వంతు కోసం ఆగవలసి రావడమేనని వారు చూపించారు. ఒకరు మాట్లాడుతున్నంతసేపు మిగతావారు ఆగాలి, ఆగినప్పుడు మనసులోని మాట జారిపోతుంది, లేదా విన్న మాటల వెంట పోతుంది. 1990ల మొదట్లో, అందరూ ఒకేసారి కంప్యూటర్లలో టైప్ చేసే బృందాల మీద జరిగిన పరిశోధనల్లో, బృందం పెద్దదయ్యేకొద్దీ ఈ పద్ధతి నోటి చర్చను మించిపోయింది. అక్కడ వంతు కోసం ఎవరూ ఆగనక్కరలేదు కదా. డిజిటల్ పనిముట్టు నుంచి ఈ సంస్థకు నేను ఆశించింది ఇదొక్కటే. ఆలోచన బయటికి రావడానికి ఎవరి అనుమతీ, ఎవరి మౌనమూ అవసరం లేని చోటు కావాలి.

నా మొదటి ప్రయత్నం విఫలమైంది, ఆ తప్పు పూర్తిగా నాది. డిజైన్ గదిలో పెద్ద టీవీకి ఒక ఆన్‌లైన్ వైట్‌బోర్డును కలిపి, అందరి ఫోన్లలోనూ లింకు తెరిపించి, రంగురంగుల కాగితపు ముక్కల్లాంటి నోట్స్ మీద ఎవరికి తోచింది వారు రాయమన్నాను. గంటలో 11 నోట్స్ వచ్చాయి, వాటిలో తొమ్మిది ముగ్గురివే, అంటే సోమవారం సమావేశంలో మాట్లాడే ఆ ముగ్గురివే. యజమాని కర్సరు ఆయన పేరుతో సహా తెర మీద తిరుగుతుంటే, అది ఎవరి నోట్ దగ్గర ఆగితే వారి చేతులు ఆగిపోవడం నేను కళ్లారా చూశాను. యూనిట్ నుంచి వచ్చిన ఇద్దరికి ఈమెయిల్ ఖాతాలే లేవు. కౌంటర్‌లో పనిచేసే ఒకామె ఎంతసేపటికీ ఏమీ రాయకపోతే దగ్గరికి వెళ్లి అడిగాను. "ఇంగ్లిష్‌లో తప్పు రాస్తే టీవీలో అందరికీ కనిపిస్తుంది కదా మేడమ్" అన్నారామె. తెలుగులో రాయవచ్చని ఎవరూ చెప్పలేదు, నేను కూడా.

వచ్చిన నోట్స్ కూడా అలాగే ఉన్నాయి: "రిచ్ లుక్", "రాయల్ థీమ్", "ట్రెడిషనల్ ప్లస్ మోడరన్". ఇవి ఆలోచనలు కావు, కేటలాగు మాటలు. వాటి నుంచి ఏ కార్డునూ గీయలేం.

రెండో ప్రయత్నంలో మూడు విషయాలు మార్చాం. మొదటిది, వైట్‌బోర్డును పక్కన పెట్టి, పేరు గానీ ఈమెయిల్ గానీ అడగని చిన్న గూగుల్ ఫారం తయారుచేశాం. అందులో ఒకే పెట్టె, ఒకే ప్రశ్న. దాని లింకును వాట్సాప్‌లో పంపాం, ఎవరికి వీలైనప్పుడు వారు ఎక్కడైనా నింపవచ్చు. రెండోది, రాయడానికి బదులు మాట్లాడమన్నాం. ఫోన్ కీబోర్డులో తెలుగు వాయిస్ టైపింగ్ 2017 నుంచి ఉంది, కానీ ఆ 14 మందిలో దాన్ని వాడినవారు ఇద్దరే. ఒక్కొక్కరి ఫోన్‌లో దాన్ని అమర్చి చూపించడానికి నాకు ఒక మధ్యాహ్నం పట్టింది. ఈ మొత్తం కేసులో అతి ఎక్కువ ఫలితం ఇచ్చిన మధ్యాహ్నం అదే. యూనిట్‌లో అతికింపు పని చేసేవారిలో ఇద్దరి ఇంటి భాష ఉర్దూ, వారికి ఉర్దూ వాయిస్ టైపింగ్ పెట్టాం. లోపాలు లేకపోలేదు. మెషీన్ నడుస్తుంటే ఫోన్‌కు మాట వినబడదు, "లగ్గం", "అలుగుడు" లాంటి ఇంటి మాటలను అది వేరేగా రాసేది. అర్థం కాని నోట్ వచ్చినప్పుడు సరిదిద్దకుండా అలాగే ఉంచాం. రాసినవారు తర్వాత చూసుకుని మళ్లీ పంపేవారు.

మూడోది ప్రశ్న. పనిముట్టు కంటే ప్రశ్న మీదే నేను ఎక్కువ సమయం పెట్టాను, మళ్లీ ఇలాంటి పని వచ్చినా అలాగే పెడతాను. "కొత్త డిజైన్ ఐడియా చెప్పండి" అని అడిగితే, తాము డిజైనర్లం కాదనుకునే తొమ్మిది మంది పక్కకు తప్పుకుంటారు. అందుకని వారానికొక ప్రశ్న చొప్పున ఇలా అడిగాం: ఈ వారం కార్డు చూస్తూ పెళ్లివారు ఏ చోట ఆగారు, ఏమన్నారు? కార్డు మీ చేతిలో ఉండగా మీకు చిరాకు తెప్పించేది ఏమిటి? మీ ఇంట్లో దాచుకున్న పాత శుభలేఖ ఏది, ఎందుకు దాచారు?

ఈ ప్రశ్నలకు తెలుగులోనూ ఉర్దూలోనూ వచ్చిన జవాబుల్లో "రిచ్ లుక్" అన్న మాట ఎక్కడా లేదు. తాతగారి పేరు కంటే హోటల్ పేరు పెద్ద అక్షరాల్లో ఉందని ఒక పెద్దాయన కౌంటర్ దగ్గర నొచ్చుకున్నారని ఒక నోట్. అమెరికాలోని బంధువులకు పంపడానికి కార్డును ఫొటో తీస్తే ఫాయిల్ అక్షరాలు మెరుపులో కనిపించడం లేదని మరొకటి. మడతపెట్టిన కార్డు తెరిచి బల్ల మీద పెడితే తనంతట తానే మూసుకుపోతోందని, ముహూర్తం చూసుకునే ముసలివాళ్లు ఒక చేత్తో కార్డు, ఒక చేత్తో కళ్లజోడు పట్టుకోలేకపోతున్నారని ఇంకొకటి. ఇవన్నీ గీయగల ఆలోచనలు.

వాటిలో ఒకదాన్ని వివరంగా చెప్పాలి. రెండో వారంలో వచ్చిన ఒక నోట్ ఇలా ఉంది: "కార్డు నాలుగు మూలలకు పసుపు పెడతారు. లామినేషన్ కార్డుకు పసుపు నిలవదు. ఎండి రాలిపోయి పక్క కార్డుకు అంటుతది. పత్రిక ఇచ్చేటప్పుడు తుడుచుకుంట ఇస్తున్నరు." శుభలేఖ మూలలకు పసుపు పెట్టని ఇల్లు మన దగ్గర అరుదు. కార్డు ఎంత ఖరీదైనదైనా ఆ పసుపు పడిన తర్వాతే అది శుభలేఖ అవుతుంది. డిజైనర్లు మాత్రం సరిగ్గా ఆ మూలల్లోనే ఫాయిల్ పూలతీగలు పెడుతూ వచ్చారు, యూనిట్ వాటి మీద నిగనిగలాడే ఫిల్మ్ వేస్తూ వచ్చింది. ఇన్నేళ్లలో ఈ సంగతి సమావేశం దాకా రాలేదంటే, దాన్ని చూసినవారు ఆ గదిలో లేకపోవడమే కారణం.

దీన్ని పరిష్కరించడానికి యూనిట్ ఫోర్‌మన్‌తో కూర్చున్నాం. లామినేషన్ ఫిల్మ్ షీటు మొత్తానికి పడుతుంది, మూలలను వదలడం కుదరదు. అదే మెరుపును స్క్రీన్ ప్రింటింగ్‌లో, అంటే జల్లెడలాంటి తెర గుండా, పూతగా వేస్తే కావలసిన చోటు వదిలేయవచ్చని ఆయన చెప్పారు. మాస్టారు ఆ నాలుగు మూలల్లో తన చేత్తో చిన్న మామిడిపిందె ఆకారం గీశారు. లోపల ఏ రంగూ లేదు, గీత మాత్రమే. పసుపు వేలితో నింపాల్సిన ఖాళీ అది. నమూనా కార్డు కౌంటర్ మీదికి వచ్చిన రోజు యజమాని అమ్మగారు ఇంట్లోంచి పసుపు తెప్పించి స్వయంగా పెట్టి చూశారు. ఆ కార్డు శ్రావణం ఆల్బంలో మొదటి పేజీకి వెళ్లింది.

వైట్‌బోర్డు మళ్లీ అక్కరకు వచ్చింది, కానీ మూడో వారం తర్వాత, వేరే పనికి. ఫారంలో చేరిన నోట్స్‌ను పేర్లు లేకుండా బోర్డు మీద పరిచి, దగ్గరి సంగతులను దగ్గర చేర్చాం. జపాన్ మానవశాస్త్రవేత్త జిరో కవాకిట తన క్షేత్ర పరిశీలన నోట్స్‌ను అర్థం చేసుకోవడానికి రూపొందించిన పద్ధతి ఇది. ఆయన ఇంటిపేరు, పేరు మొదటి అక్షరాలతో దీన్ని కేజే పద్ధతి అంటారు. ముందే శీర్షికలు పెట్టుకుని నోట్స్‌ను వాటి కింద వేయకూడదన్నది ఇందులో ముఖ్యమైన నియమం. నోట్స్ గుంపుగా చేరిన తర్వాతే ఆ గుంపుకు పేరు. అరగంట సేపు ఎవరూ మాట్లాడకుండా నోట్స్‌ను జరపాలని నియమం పెట్టాం, యజమాని కూడా పాటించారు. "చేతిలో పట్టుకోవడం", "దాచుకోవడం", "పెద్దవాళ్ల కళ్లు", "ఫోన్‌లో పంపడం" అనే గుంపులు అలా ఏర్పడ్డాయి. అంతకుముందు ఈ సంస్థ ఆల్బం విభాగాలు ధరను బట్టి మాత్రమే ఉండేవి.

ఓటింగ్ మాత్రం పెట్టి తీసేశాం. అందరికీ చుక్కలిచ్చి నచ్చిన వాటికి పెట్టమంటే, ఎవరికీ అభ్యంతరం లేని మధ్యరకం ఆలోచనలే ముందుకు వచ్చాయి. పసుపు మూలల నోట్‌కు ఆ రోజు పడినవి రెండు చుక్కలు. ఏది తయారుచేయాలో చివరికి యజమానే నిర్ణయించారు, అదే సబబని నా అభిప్రాయం. డై ఖర్చు, స్క్రీన్‌లు ఎన్ని, కనీసం ఎన్ని కార్డుల ఆర్డరు అన్న లెక్కలు ఆయనకు తెలుసు. ఆయన తీర్పు ఉండటం వల్ల ఎప్పుడూ నష్టం లేదు. ఆలోచన ఇంకా సగంలో ఉండగానే ఆ తీర్పు పడటం వల్లే నష్టం జరుగుతూ వచ్చింది.

బొమ్మలు తయారుచేసే కృత్రిమ మేధ పనిముట్ల గురించి అందరూ అడుగుతారు కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను. డిజైన్ గదిలోని ఇద్దరు చిన్నవాళ్లు వాటిని అప్పటికే వాడుతున్నారు. నేను వద్దనలేదు, వాడే వేళను మాత్రం మార్చమన్నాను. ఉదయం మొదటి రెండు గంటలు ఫోన్లు సొరుగులో, ఇంటర్నెట్ ఆఫ్, కాగితం, పెన్సిల్. తన గీత ఒకటి కాగితం మీద ఉన్న తర్వాతే బొమ్మల సైట్లైనా, కృత్రిమ మేధ అయినా. అలా వాడినప్పుడు అది మంచి సహాయకుడే అయింది. ఒకే కూర్పుకు ఇరవై రంగుల పొత్తులు, మండపం వెనక ఆకాశం పొద్దుటి వెలుగులోనా సాయంత్రం వెలుగులోనా అన్న పోలికలు నిమిషాల్లో కనిపించాయి. ఖాళీ తెర మీద దానితోనే మొదలుపెట్టినప్పుడు మాత్రం మళ్లీ అదే ఏనుగులు, అదే తామరలు, అదే బంగారు కమాను. మేం ఈ పనిలో ఉండగానే, 2024 జూలైలో, దోషి, హౌసర్ అనే పరిశోధకుల అధ్యయనం సైన్స్ అడ్వాన్సెస్ పత్రికలో వచ్చింది. కృత్రిమ మేధ ఇచ్చిన ఆలోచనలతో చిన్న కథలు రాసినవారి కథలు విడివిడిగా చూస్తే మెరుగయ్యాయి, కానీ అన్నీ కలిపి చూస్తే ఒకదానికొకటి దగ్గరైపోయాయి. యజమాని మొదటిరోజు చెప్పిన ఫిర్యాదుకు ఇంతకంటే సరిపోయే వివరణ నాకు దొరకలేదు.

తెలుగు అక్షరాల విషయంలో ఆ పనిముట్లను అసలు నమ్మలేదు. మేం వాడిన రోజుల్లో అవి గీసిన "శ్రీరస్తు"లో స్తకు ఒత్తు ఉండేది కాదు, ఉంటే మరో అక్షరం కింద ఉండేది. పెళ్లి పత్రికలో అక్షరం తప్పు పోవడమంటే ఆ ఇంటివారికి అది అపశకునమే. అక్షరాలన్నీ మాస్టారే రాశారు. ఆయన కాగితం మీద రాసినదాన్ని ఒక అమ్మాయి స్కాన్ చేసి, ఎంత పెద్దది చేసినా చెదరని వెక్టారు బొమ్మగా మార్చి, ఫైలుగా దాచడం నేర్చుకుంది. ఇప్పుడు ఆయన రాసిన "శుభలేఖ", "ఆహ్వానం", "చి.ల.సౌ." లాంటి మాటలు ఒక ఫోల్డరులో ఉన్నాయి, అవి ఇతర డిజైనర్లకూ అందుతాయి. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది, కానీ నాకు ఈ సంస్థలో అత్యంత ఇష్టమైన మార్పు ఇదే.

పాత డిజైన్ల భాండారం పని ఇంకా పూర్తి కాలేదు. ఇరవై ఏళ్ల కార్డులు సీడీల్లో, పాత హార్డ్‌డిస్కుల్లో ఉన్నాయి. వాటిలో వెతకడం అసాధ్యం. అన్ని భాషల అక్షరాలనూ కంప్యూటర్లన్నీ ఒకేలా గుర్తించేందుకు పెట్టిన ప్రమాణం యూనికోడ్. తెలుగు 1991లో దాని మొదటి వెర్షన్‌లోనే చేరినా, డీటీపీ (కంప్యూటర్‌లో అచ్చుకు పేజీలు కూర్చే) రంగం చాలాకాలం యూనికోడ్ కాని ఫాంట్ల మీదే నడిచింది. ఆ ఫాంట్లలో తెలుగుగా కనిపించేది కంప్యూటర్‌కు ఇంగ్లిష్ అక్షరాల గజిబిజి. పైగా ప్రెస్‌కు పంపేముందు అక్షరాలను కర్వ్స్‌గా మారుస్తారు కనుక, చాలా ఫైళ్లలో అక్షరాలే లేవు, గీతలున్నాయి. అందుకని ఫైళ్లను వదిలేసి కార్డులనే పట్టుకున్నాం. ప్రతి పాత కార్డునూ ఫోన్‌తో ఫొటో తీసి, ఒక షీటులో యూనికోడ్ తెలుగులో నాలుగు మాటలు రాస్తున్నారు: కాగితం, మడత, బొమ్మ, ఎవరికి నచ్చింది. ఫొటోకు పట్టే సమయం కంటే ఆ నాలుగో మాటకు పట్టే సమయమే ఎక్కువ, దాన్ని గుర్తుచేసుకోగలిగింది కౌంటర్‌లోని ఇద్దరు పాతవారే. ఈ పనికి నేను వేసిన అంచనా చాలా తక్కువ. మరొకరు చేపడితే ముందే ఒక మనిషిని దీనికే కేటాయించమని చెబుతాను.

ఫలితాల విషయంలో జాగ్రత్తగా మాట్లాడాలి. శ్రావణంలో దుకాణం కిటకిటలాడింది, కానీ మూడు నెలలు ముహూర్తాలు లేక ఆగిన పెళ్లిళ్లన్నీ అప్పుడే వచ్చాయి. ఆ అమ్మకాలను మా పద్ధతి ఖాతాలో వేయడం న్యాయం కాదు. నేను లెక్కపెట్టింది వేరే సంగతి. కొత్త ఆల్బంలోని కార్డుల్లో ఎన్నింటి మూలం డిజైన్ గది బయటివారి నోట్ అని చూస్తే, ఆరు కార్డులు తేలాయి. పాత ఆల్బంలో అలాంటిది ఒక్కటీ ఉన్నట్టు ఎవరికీ గుర్తులేదు.

తేలని చిక్కు ఒకటి ఉంది. పేరు లేకపోవడం వల్లే నోట్స్ వచ్చాయి, కానీ కార్డు అమ్ముడవుతున్నప్పుడు ఆ పేరు లేకపోవడమే అన్యాయంగా మారింది. పైగా 14 మంది ఉన్నచోట మాటతీరును బట్టి ఎవరిదో సగం తెలిసిపోతూనే ఉంటుంది. కార్డు ఆల్బంలోకి ఎక్కిన తర్వాత, ఇష్టమైతే తమ నోట్ ఏదో చెప్పవచ్చని, చెప్పినవారికి ఆ డిజైన్ మీద సీజన్ బోనస్ ఇస్తామని యజమాని ప్రకటించారు. మూడు వారాలు ఎవరూ రాలేదు. తర్వాత అతికింపు విభాగంలోని ఒకామె ఫోర్‌మన్‌తో కలిసి వచ్చి, పసుపు మూలల నోట్ తనదని చెప్పారు. తన కూతురి పెళ్లి పత్రికలకు పసుపు పెడుతున్నప్పుడు గమనించిన సంగతి అట. డిజైన్ రిజిస్టరులో ఇప్పుడు "ఆలోచన ఎవరిది" అనే గడి ఉంది. ఆరు కార్డుల్లో నాలుగింటికి అందులో పేర్లున్నాయి, రెండింటికి ఖాళీగా ఉంది, వాటిని అలాగే వదిలేశాం.